పై స్వరం అందని పాట: ఒక డూ-వాప్ గ్రూపు కేస్ స్టడీ

నేను అమెరికా తూర్పు తీరంలో గాత్ర బృందాలకు వోకల్ డైరెక్టర్‌గా పనిచేస్తాను. పాట ఏ శ్రుతిలో ఉండాలి, ఎవరు ఏ స్వరం పట్టుకోవాలి, స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నవి చూడటం నా పని. ఈ కేసు 2010 ప్రాంతంలోది. గ్రూపు పేరు, పాట పేరు, ఊళ్ళ పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. మనుషుల్ని వాళ్ళు పాడే స్థానంతోనే పిలుస్తాను: లీడ్ (ముందు నిలబడి పాట నడిపేవాడు), ఫస్ట్ టెనర్ (అందరికంటే పై గొంతు), సెకండ్ టెనర్ (దాని కింది గొంతు), బారిటోన్ (మధ్య గొంతు), బాస్ (అట్టడుగు గొంతు). ఈ కేసులో నేను మూడు నెలలు తప్పు చోట వెతికాను. ఎందుకు అక్కడే వెతికానో చెప్పడం ముఖ్యం అనిపించి రాస్తున్నాను.

నేపథ్యం

డూ-వాప్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1940ల చివర్లో మొదలై 1960ల మొదటి దాకా వెలిగిన గాత్ర సంగీతం ఇది. న్యూయార్క్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, షికాగో, లాస్ ఏంజెలిస్ నగరాల్లో ఎక్కువగా నల్లజాతి కుర్రాళ్ళు, తర్వాత ఇటాలియన్ అమెరికన్ పేటల కుర్రాళ్ళు పాడారు. వాయిద్యాలు కొనే డబ్బు లేదు. అందుకే ఒకడి గొంతు బేస్ వాయిద్యం పని చేసేది, ముగ్గురి గొంతులు కలిసి బాకాల వరుస అయ్యేవి, ఒకడు ముందుకొచ్చి ప్రేమ సంగతి చెప్పేవాడు. వెనకవాళ్ళు పాడే 'డూ-వా', 'షూ-బీ', 'ఊ' లకు మన జతుల్లాగే అర్థం అక్కర్లేదు. గొంతులు మోగే చోటు వెతుక్కుని స్కూలు వరండాల్లో, సబ్‌వే స్టేషన్లలో, మెట్ల కింద సాధన చేసేవాళ్ళు. అప్పట్లో వాళ్ళెవరూ దీన్ని డూ-వాప్ అనలేదు. ఆ పేరు తర్వాత అంటుకుంది.

ఈ ప్రేమపాటల్లో చాలావాటికి ఒకటే చక్రం. స, ద, మ, ప మీద నిలబడే నాలుగు కార్డులు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుత్తులు) వరసగా వస్తాయి, మళ్ళీ స కి చేరతాయి. పియానో ఒక్కో దెబ్బనూ మూడుగా విరిచి వాయిస్తూ ఉంటుంది. అంత సులువైన చక్రం కాబట్టే ఐదు గొంతులు ఎలా కలిశాయన్నది దాచడానికి వీలుండదు.

మా గ్రూపు అలా పుట్టిందే. 1958లో లీడ్‌కి 17 ఏళ్ళు. న్యూయార్క్‌లో ఒక చిన్న కంపెనీకి రెండు గంటల్లో రెండు పాటలు రికార్డు చేశారు. అందులో ఒకటి ఆ చుట్టుపక్కల రేడియోల్లో బాగా తిరిగింది. తర్వాత ఇంకో ఆరు రికార్డులు వచ్చాయి, ఏదీ అంతగా నిలవలేదు. 1964లో బీటిల్స్ అమెరికా వచ్చేటప్పటికే గ్రూపు చెల్లాచెదురైంది. ఒకరు పోస్టాఫీసులో, ఒకరు బస్ డిపోలో చేరిపోయారు. 1969 అక్టోబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాత పాటల కచేరీ మొదలయ్యాక ఇలాంటి గ్రూపులకు మళ్ళీ గిరాకీ వచ్చింది. వీళ్ళూ కలిశారు. 1999లో అమెరికా ప్రజా టీవీ పిబిఎస్‌లో డూ-వాప్ ప్రత్యేక కార్యక్రమం వచ్చాక ఇంకొంచెం పెరిగింది. నన్ను పిలిచే నాటికి పాత రికార్డు మీద పాడినవాళ్ళు ఇద్దరే మిగిలారు: లీడ్, బారిటోన్. ఫస్ట్ టెనర్ 70ల్లో చేరారు. సెకండ్ టెనర్, బాస్ 90ల్లో వచ్చారు. అందరిలోకీ చిన్నవాళ్ళకు అరవై.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఫోన్ చేసింది ప్రోగ్రాములు ఏర్పాటు చేసే ఒక ప్రమోటరు. "లీడ్ పని అయిపోయింది. పెద్ద పాట చివర్లో పై స్వరం అందడం లేదు. శ్రుతి పోతోంది. ఏదన్నా చెయ్యండి, లేకపోతే వేరే మనిషిని పెట్టాల్సి వస్తుంది" అన్నారు.

వెళ్ళి విన్నాను. నిజమే. పాట రెండున్నర శ్రుతిలో (పియానో మీద ఈ-ఫ్లాట్) ఉంది. చివర్లో లీడ్ తారస్థాయి పంచమం అందుకోవాలి. కర్ణాటక గాత్రం తెలిసినవాళ్ళకు ఈ మాట వినగానే గుండె గుభేల్‌మంటుంది. పదిహేడేళ్ళప్పుడు ఆయన దాన్ని నవ్వుతూ పాడాడు. అరవై తొమ్మిదేళ్ళకు ఆ స్వరం దగ్గర మెడ నరాలు బిగుసుకుంటున్నాయి, స్వరం కిందకి జారుతోంది. జనం అభిమానంతో చప్పట్లు కొడుతున్నారు గానీ ఆయన తల దించుకుని దిగిపోతున్నాడు.

వేరే మనిషిని పెట్టడం అనే దారిని నేను మొదటే పక్కన పెట్టాను. అందుకు రెండు కారణాలు. అమెరికాలో 2000ల మధ్య నుంచి ఒక్కో రాష్ట్రం పాత గ్రూపుల పేర్ల మీద చట్టాలు చేసుకుంటూ వచ్చింది. రికార్డు మీద పాడినవాళ్ళలో కనీసం ఒకరైనా స్టేజీ మీద ఉండాలి, లేదా పేరు మీద హక్కు ఉండాలి, అదీ లేకపోతే ఇది ఆ గ్రూపుకు నివాళి మాత్రమేనని బోర్డు మీదే చెప్పాలి. ఒకే పేరుతో మూడు నాలుగు నకిలీ గ్రూపులు తిరిగి అసలువాళ్ళ పొట్ట కొట్టిన కాలం అది. లీడ్ తప్పుకుంటే మొత్తం భారం డెబ్బై దాటిన బారిటోన్ ఒక్కడి ఆరోగ్యం మీద పడుతుంది. రెండో కారణం, అది ఆయన పాట. ఆయన బతికుండగా, పాడాలని ఉండగా ఆయన్ని దించే పనికి నేను ఒప్పుకోలేను.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట చేసింది శ్రుతి దించడం. ఎవరైనా అదే చేస్తారు. రెండున్నర నుంచి ఒకటికి దించాను, అంటే మూడు సెమీటోన్లు (పియానో మీద పక్కపక్క మెట్లు మూడు). లీడ్‌కి ప్రాణం లేచొచ్చింది. కానీ ఐదు గొంతుల పాటలో శ్రుతి ఒక్కరిది కాదు. బాస్ పాడే అట్టడుగు షడ్జం ఆయన గొంతు నేల కిందకి వెళ్ళిపోయింది. స్వరం పలుకుతోంది గానీ అందులో ఒట్టి గాలే ఉంది. ఫస్ట్ టెనర్‌కి ఇంకా ఘోరం. ఆయన పని మొత్తం ఫాల్సెట్టోలో, మనం దొంగగొంతు అంటామే, దానిలో. ఆ గొంతు ఒక హద్దు దాటాకే విచ్చుకుంటుంది. శ్రుతి దించేసరికి ఆయన పాడాల్సిన స్వరాలన్నీ సరిగ్గా అసలు గొంతు, దొంగగొంతు మారే మెట్టు మీదికి వచ్చి పడ్డాయి. ప్రతి రెండో వరుసలో గొంతు చీలింది. ఒకరికి సులువు చేయబోయి ఇద్దరిని గోతిలో వేశాను.

రెండోసారి ప్రమోటరు మాట విన్నాను. పాత శ్రుతికే వెళ్ళి, వెనక కీబోర్డుతో స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు లాంటి ధ్వని) నింపి, ముందే రికార్డు చేసిన కోరస్‌ను సన్నగా కలిపాం. ఒక్కొక్కరికీ ఒక మైకు, కాళ్ళ దగ్గర ఒక మానిటర్ (పాడేవాళ్ళకు తమ గొంతులు వినిపించే స్పీకరు). లీడ్ ఎకో బాగా పెంచమన్నాడు. 1959లో ఫ్లమింగోస్ అనే డూ-వాప్ గ్రూపు చేసిన ప్రసిద్ధ రికార్డులో గొంతులు వెన్నెట్లో తేలుతున్నట్టు ఉంటాయి, అలా రావాలని ఆయన కోరిక. హాల్లో కూర్చుని వింటే నిండుగానే ఉంది. కానీ శ్రుతి మునుపటికంటే పాడైంది.

ఎందుకో అర్థం కావడానికి టైమ్ పట్టింది. గొంతులు వాటంతట అవి కలిసినప్పుడు గాంధారం కీబోర్డు గాంధారంకంటే సుమారు 14 సెంట్లు కింద నిలుస్తుంది. సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు. తంబురా బాగా శ్రుతి చేస్తే మంద్ర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని గాంధారం ఒకటి వినిపిస్తుంది కదా, గొంతులు వెతుక్కుంటూ వెళ్ళేది దాని దగ్గరికే. పాత రికార్డుల్లోనూ పియానో ఉంది, కానీ పియానో దెబ్బ కొట్టగానే తగ్గిపోతుంది, తేడా చెవికి తగలదు. కీబోర్డు స్ట్రింగ్స్ అలా కాదు, తాళం ఆవర్తం పొడుగునా నిలబడి గొంతులతో రుద్దుకుంటాయి. బారిటోన్ ఎక్కువసేపు పట్టుకునేది ఆ గాంధారాన్నే. ఆయన సరిగ్గా పాడినా వాయిద్యం ముందు కిందగా వినిపిస్తున్నాడు. దాన్ని సరిచేసుకోబోయి ఆయన తడబడితే, పైనున్న లీడ్‌కి కాలు ఆనించే చోటు పోతోంది. హాల్లో వింటున్నవాళ్ళకు మాత్రం లీడ్ ఒక్కడే అపస్వరం పాడుతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే అందరి చెవీ ఆయన మీదే ఉంది.

రికార్డు చేసిన కోరస్ ఇంకో నష్టం చేసింది. ఈ ప్రేమపాటల్లో లీడ్ ఒక మాట దగ్గర ఆగుతాడు, వెనకవాళ్ళు ఆయన కోసం ఆగుతారు. ఆ ఆగడంలోనే పాట ఉంది. రికార్డు ఎవరి కోసమూ ఆగదు. రెండు ప్రోగ్రాములు అయ్యేసరికి వెనక నలుగురూ లీడ్‌ని వినడం మానేశారు.

మూడో ప్రయత్నం గురించి రాయాలంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పై స్వరం కోసం ఒక యువ టెనర్‌ని స్టేజీ పక్కన, వెలుతురు పడని చోట నిలబెట్టాం. మంచి గాయకుడు. కానీ ఆ కుర్రాడు 'ఊ' అన్నప్పుడు పెదవులు వెడల్పుగా ఉంటాయి, చివర్లో చిన్న గమకం వేస్తాడు. వీళ్ళ 'ఊ' సన్నగా, గుండ్రంగా, కదలకుండా ఉంటుంది. ఒకే స్వరం, ఒకే శ్రుతి, అయినా అచ్చు కలవకపోతే గొంతు కలవదు. ప్రోగ్రాం అయ్యాక లీడ్ నా దగ్గరికి వచ్చి, "నా నోరు కదులుతుంటే వేరేవాడి గొంతు వినిపించింది బాబూ. నా భార్య ముందు వరసలో కూర్చుంది" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తున్నంతసేపూ ఆ మాటే వినిపించింది.

మలుపు

తర్వాతి ప్రోగ్రాంకి ముందు, స్టేజీ వెనక మెట్ల దగ్గర వాళ్ళు గొంతు సవరించుకుంటున్నారు. మైకుల్లేవు, వాయిద్యాల్లేవు. పక్కన నడుస్తూ వెళ్తున్నవాణ్ణి ఆగిపోయాను. మొత్తం పాట పాడారు, పై స్వరంతో సహా. వెంటనే రికార్డర్ తీసి, ఇంకోసారి పాడమని అడిగాను.

ఇంటికెళ్ళి దాన్ని స్టేజీ రికార్డింగు పక్కన పెట్టుకుని విన్నాను. మూడు తేడాలు కనిపించాయి. మెట్ల దగ్గర శ్రుతి రెండుకి వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పకుండా వాళ్ళ గొంతులు ఎంచుకున్న చోటు అది, పాత శ్రుతికి ఒక్క సెమీటోను కింద. వేగం నిమిషానికి 64 దెబ్బల దగ్గర ఉంది, స్టేజీ మీద 57. నెమ్మదిగా పాడితే ప్రేమ ఎక్కువ పలుకుతుందని ఏళ్ళ తరబడి పాటను సాగదీస్తూ వచ్చారు. డెబ్బై ఏళ్ళ ఊపిరికి ఆ సాగతీత మీద పూర్తి వాక్యం అందదు. లీడ్ సగంలో శ్వాస తీసుకుని పై స్వరానికి ఖాళీ ఊపిరితిత్తులతో చేరుతున్నాడు.

మూడో తేడా శబ్దంలో లేదు, నా కళ్ళకు గుర్తున్న దృశ్యంలో ఉంది. మెట్ల దగ్గర వాళ్ళు వరసగా నిలబడలేదు. అర్ధచంద్రాకారంలో, భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. బారిటోన్ లీడ్‌కి వెనక, ఆయన కుడి భుజం దగ్గర ఉన్నాడు. స్టేజీ మీద బారిటోన్, హాల్లోంచి చూస్తే, కుడి చివరన ఉంటాడు.

మర్నాడు బారిటోన్‌ని పక్కకి పిలిచి, "సార్, స్టేజీ మీద మీకు లీడ్ వినిపిస్తాడా?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుడి చెవి పోయి నాలుగేళ్ళయింది. వాడి భుజాలు చూసి పాడతాను. ఎప్పుడు ఊపిరి తీసుకుంటాడో నాకు తెలుసు" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తనను తీసేస్తారని భయం.

అసలు కేసు ఇది. నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకున్నవాణ్ణి. మన కచేరీలో పాడేవారే కేంద్రం, వయొలిన్ ఆయన్ని అనుసరిస్తుంది. ఏదన్నా తేడా వస్తే ముందు పాడే గొంతునే చూస్తాం. ఆ అలవాటుతోనే మూడు నెలలు లీడ్ గొంతు చుట్టూ తిరిగాను. ఐదు గొంతుల్లో అందరికంటే తక్కువ వినిపించే బారిటోన్ దగ్గర ఈ కార్డుల ముడి ఉంది. మిగతా నలుగురూ పట్టుకున్నాక మిగిలిపోయిన స్వరం ఆయనది. చాలాసార్లు అది గాంధారం. అది కదిలితే పాట మొత్తం కదులుతుంది.

పనిచేసినవి

శ్రుతి రెండులోనే ఉంచాను. బాస్‌కి అట్టడుగు షడ్జం గట్టిగా అందేది అక్కడి వరకే. ఫస్ట్ టెనర్ స్వరాలు గొంతు మారే మెట్టుకి ఒకింత పైన ఉంటాయి. వేగం 64కి పెంచాం. కీబోర్డు స్ట్రింగ్స్, రికార్డు చేసిన కోరస్ రెండూ తీసేశాం. పియానో, గిటార్, డ్రమ్స్, బేస్, ఒక సాక్సోఫోన్ మాత్రం మిగిలాయి.

పై స్వరం ఇంకా మిగిలే ఉంది. రెండు శ్రుతిలో కూడా అది ఆయనకు మంచి రోజున అందుతుంది, మామూలు రోజున అందదు. ప్రతి రాత్రీ అందే దారి కావాలి. నేను చెప్పింది: ఆ ఒక్క చోట ఫస్ట్ టెనర్ తన ఫాల్సెట్టోలో పంచమం తీసుకోవాలి, లీడ్ దాని కింద తారస్థాయి గాంధారం మీద నిలవాలి. వినేవాళ్ళ చెవి పై స్వరాన్ని లీడ్ మాటతో కలిపే వింటుంది. లీడ్ ఒప్పుకోలేదు. "ఇదీ వేరేవాడి గొంతే కదా" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ యువ టెనర్ చీకట్లో దాక్కుని పాడాడు. ఫస్ట్ టెనర్ నలభై ఏళ్ళుగా ఆయన పక్కన నిలబడి పాడుతున్నవాడు, వెలుతురులో ఉంటాడు. అందుకని ఆ చోట లీడ్ ఒక అడుగు పక్కకి జరిగి ఆయన వైపు తిరగాలని చెప్పాను. ఇచ్చి పుచ్చుకోవడం జనానికి కనిపించాలి. రెండు రిహార్సల్స్ అయ్యాక ఒప్పుకున్నాడు. ఆ గాంధారం మీద ఆయన గొంతు ఎంత వెచ్చగా ఉందో ఆయన మొదటిసారి విన్నది అప్పుడే అనుకుంటాను.

నిలబడే చోట్లకే అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది. ప్రతి ఒక్కరినీ ఏ చెవి బాగా పనిచేస్తుందో అడిగాను. ఐదుగురిలో నలుగురికి ఏదో ఒక లోపం ఉంది. మంచి చెవి గ్రూపు లోపలికి తిరిగేలా ఒక్కొక్కరి చోటు మార్చాను. బారిటోన్ లీడ్‌కి వెనక, కుడి పక్కకు వచ్చాడు, ఆయన ఎడమ చెవి నేరుగా లీడ్ వైపు. లీడ్‌కి ఒక మైకు, బాస్‌కి ఒకటి, మధ్య ముగ్గురికీ కలిపి ఒకే మంచి కండెన్సర్ మైకు. 50ల్లో స్టూడియోలో చేసింది అదే: ఎవరి గొంతు ఎక్కువైతే వాళ్ళు అర అడుగు వెనక్కి జరుగుతారు. ఒకే మైకు ముందు ఉన్నప్పుడు ముగ్గురూ ఒకరినొకరు వినక తప్పదు. మానిటర్లు చాలావరకు తగ్గించాం, ఎకో మానిటర్లలోంచి పూర్తిగా తీసేసి హాల్లోకి మాత్రమే పంపాం. ఎకోలో సొంత గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే ఆ వయసులో శ్రుతి పట్టుకోవడం చాలా కష్టం.

బారిటోన్‌ని చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అప్పటికే సెకండ్ టెనర్‌కి హియరింగ్ ఎయిడ్ ఉంది, అది పాటలో అడ్డం పడుతోంది. ఆ పరికరాలు మాట కోసం చేసినవి. కదలకుండా నిలిచిన 'ఊ' ను అవి కొన్నిసార్లు ఈల శబ్దం అనుకుని నొక్కేయబోతాయి. సంగీతానికి వేరే సెట్టింగు ఉంటుంది. అది పెట్టించాక ఇద్దరికీ తేడా తెలిసింది.

ఇదంతా అన్నిచోట్లా కుదరలేదు. పెద్ద ఆరుబయట ప్రోగ్రాముల్లో ఒకే మైకు కూత పెట్టింది. అక్కడ మళ్ళీ విడి మైకులే వాడాం, పాట కొంచెం పలచబడింది. అలాంటివాటికి వెళ్ళొద్దని సలహా ఇచ్చాను. డబ్బు అవసరం వల్ల కొన్నిటికి వెళ్ళారు.

ఇప్పుడు ఏ గ్రూపు వచ్చినా

లీడ్‌ని ఆఖరున వింటాను. ముందు మైకుల్లేకుండా, ఎక్కడైనా మెట్ల దగ్గర పాడించి రికార్డు చేస్తాను. వాళ్ళు వాళ్ళంతట ఏ శ్రుతికి, ఏ వేగానికి వెళ్తారో రాసుకుంటాను. శ్రుతి దించే ముందు ఐదు గొంతుల హద్దులూ ఒక కాగితం మీద వేస్తాను. వినికిడి గురించి ఒక్కొక్కరినీ విడిగా, తలుపు వేసి అడుగుతాను, అందరి ముందు ఎవరూ చెప్పరు. ఎవరిని తీసేయాలన్న మాట వస్తే ఇంకొంచెం ఆగమని చెబుతాను.

ఆ తర్వాత వాళ్ళు ఇంకో ఐదేళ్ళు పాడారు. నాలుగో ఏట బారిటోన్ చనిపోయారు. ఆయన స్థానానికి నలభై ఐదేళ్ళ గాయకుడొకరు పరీక్షకి వచ్చారు. నన్ను కూడా రమ్మన్నారు. నేను ఆయన స్వరాల హద్దు కొలుద్దామని పియానో ముందు కూర్చున్నాను. లీడ్ నా వైపు చెయ్యెత్తి ఆగమన్నాడు. కొత్తాయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, నీకు ఏ చెవి బాగా వినిపిస్తుంది?" అని అడిగాడు. జవాబు విన్నాక ఆయన్ని భుజం పట్టుకుని తీసుకెళ్ళి తన వెనక నిలబెట్టుకున్నాడు.